పదవి లేనోళ్ళ విరమణ: 55, 58, 61 లెక్కల వెనక కులం

రిటైర్మెంటుకు మన పత్రికలు వాడే మాట 'పదవీ విరమణ'. పదవి ఉన్నోడే దాన్ని విరమించగలడు. నిజాం జమానాలో సర్కారీ నౌకరు పనిలోంచి దిగినంక వచ్చే సొమ్మును వజీఫా అనేవాళ్ళు. అదీ దర్బారు మాటే. రెక్కల కష్టం మీద బతికిన మన కులాల్లో ఈ మాటలకు సాటి మాట వెతికితే దొరకదు. "ఒళ్ళు ఒంగుతలేదు", "చాతనయితలేదు" అంటారు. అంటే మన దగ్గర పని ఆగడం ఒంటికి సంబంధించిన సంగతి, క్యాలెండరుకు సంబంధించింది కాదు. రెక్కాడితే గాని డొక్కాడని బతుకులో తేదీ చూసి పని ఆపడం ఎట్లా కుదురుతుంది?

మనిషి పని ఎప్పుడు మానేస్తాడు, ఎందుకు మానేస్తాడు అని అర్థశాస్త్రం వాళ్ళు రాసేటప్పుడు ఆరోగ్యం, పొదుపు, పెన్షను, పిల్లల చదువు, ఇంటి అప్పు అంటూ లెక్క చెబుతారు. అవన్నీ నిజమే. కాని అవి లెక్కకు రాకముందే మన దేశంలో మూడు సంగతులు తేలిపోయి ఉంటాయి. పుట్టిన తేదీ ఎవరు రాశారు, ఉద్యోగం ఏ వయసులో దొరికింది, మనిషి దిగిపోయినంక ఆ కుర్చీ మిగిలిందా లేదా. ఈ మూడింట్లోనూ కులం ఉంది. ఈ వ్యాసం ఆ మూడింటి గురించి.

దీన్ని బాగ్ లింగంపల్లి నుంచి చూడడానికి కారణముంది. హౌసింగు బోర్డు కట్టిన క్వార్టర్లు ఇక్కడున్నాయి. ఎల్‌ఐజీ, ఎంఐజీ, హెచ్‌ఐజీ అని ఇళ్ళ పేర్లే ఆదాయాన్ని బట్టి పెట్టారు. మన ఊళ్ళల్లో వాడను కులాన్ని బట్టి పిలిచినట్టు, ఇక్కడ జీతాన్ని బట్టి పిలిచారన్నమాట. ఒకప్పుడు నౌకరి చేసినవాళ్ళు ఇప్పుడు పొద్దున పార్కుల్లో నడుస్తూ కనపడతారు. కాస్త దూరంలో ఆర్టీసీ క్రాస్ రోడ్స్, బస్ భవన్. ఇంకో పక్క ఆజమాబాద్, చార్మినార్ సిగరెట్టు చేసిన వజీర్ సుల్తాన్ కంపెనీ. చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ, అశోక్‌నగర్ గల్లీల నిండా కోచింగ్ సెంటర్లు. పని అయిపోయినోళ్ళు, పని మొదలే కానోళ్ళు, పని ఎప్పటికీ ఆగనోళ్ళు ఇంత దగ్గర దగ్గరగా బతికే చోటు హైదరాబాదులో ఇంకోటి లేదనుకుంటాను. పొద్దున అయిదు గంటలకు ఈ రోడ్లు ఊడ్చేవాళ్ళు మూడో రకం.

ముందు ఊరి నుంచి మొదలుపెట్టాలి, మనం వచ్చింది అక్కడి నుంచే కనక. తెలంగాణ పల్లెల్లో మస్కూరి, నీరడి, కావలికారు పనులు మన ఇండ్లకు వంతుగా వచ్చేవి. పటేలు, పట్వారీ కూడా వంశపారంపర్యమే, మస్కూరి కూడా వంశపారంపర్యమే. తేడా ఏమంటే ఒకడిది అధికారం, ఇంకొకడిది వెట్టి. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం మునసబు, కరణం, పటేలు, పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. పైవాడి వారసత్వం అట్లా పోయింది. కిందివాడి పని మాత్రం పేర్లు మార్చుకుంటూ గ్రామ రెవెన్యూ సహాయకుడి దాకా వచ్చింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం వీఆర్‌ఏలను రెగ్యులర్ ఉద్యోగాల్లోకి తీసుకోవాలని నిర్ణయించినప్పుడు మొత్తం 20,555 మందిలో 16,758 మంది 61 ఏళ్ళ లోపువాళ్ళు. మిగిలిన 3,797 మంది 61 దాటినవాళ్ళు.

ఈ 3,797 దగ్గర ఆగాలి. ఐఏఎస్ అధికారి 60 దాటితే, గుమాస్తా 61 దాటితే ఆఫీసు గడపలో ఉండనివ్వరు. మరి వీళ్ళెట్లా ఉన్నారు? వాళ్ళ పనికి రిటైర్మెంటు ఉంటుందన్న ఆలోచనే ఎవరికీ రాలేదు కనక ఉన్నారు. వాళ్ళకు ప్రభుత్వం చూపిన పరిష్కారం, వారసులకు ఉద్యోగమివ్వడం. ఆకలి తెలిసినవాళ్ళెవరూ దాన్ని కాదనరు, నేనూ కాదనను. కాని తండ్రి పని కొడుక్కు రావడం అనే పాత వంతు పద్ధతి, కొత్త జీవో బట్టలు వేసుకొని వచ్చిందని చరిత్ర చదివేవాళ్ళు గుర్తుపట్టాలి.

తేదీ సంగతికి వద్దాం. భాగ్యరెడ్డి వర్మ 1910 నాటికే ఇసామియా బజారులోనూ లింగంపల్లిలోనూ మన పిల్లలకు తెలుగులో బడులు పెట్టాడు. ఆయన చేసిన పనుల్లో జోగినీ వ్యవస్థ మీద పోరాటాన్ని, ఆది హిందూ పేరును అందరూ తలుచుకుంటారు. నాకు మాత్రం ఆ బడుల్లోని హాజరు పట్టీ ముఖ్యమనిపిస్తుంది. బడి రిజిస్టరులో పేరెక్కడమంటే తండ్రి పేరుతో పాటు పుట్టిన తేదీ కూడా కాగితమెక్కడం. అగ్రవర్ణాల ఇంట్లో జాతకం ఉంటుంది, తిథి నక్షత్రం ఉంటుంది. మన ఇంట్లో "పెద్ద వాన కొట్టిన ఏడు", "రజాకార్ల కాలం" ఉంటాయి. సార్లు వాటిని తేదీగా మార్చారు. ఎట్లా మార్చారంటే, బడి తెరిచే రోజుల్ని బట్టి జూన్ 1 అనో జులై 1 అనో వేసేశారు. నా తరంలో కూడా, మా బస్తీలో నలభై ఇండ్లు తిరిగితే సగం మంది ఈ రెండు తేదీల్లోనే పుట్టారు.

మా నాయిన జూన్ 1 వాడే. ఆయన్ను బడిలో వేసేనాటికి ఎన్నేండ్లో మా నాయినమ్మకు తెలియదు, సారు మనిషిని చూసి అయిదేళ్ళని రాసుకున్నాడట. సర్వీసు రూల్సు ప్రకారం ఉద్యోగి పుట్టిన నెల చివరి రోజున దిగిపోవాలి. ఒకటో తేదీన పుట్టినవాడయితే అంతకుముందు నెల ఆఖరి రోజునే దిగాలి. జూన్ 1 వాడు మే 31కి ఇంటికొస్తాడు, జూన్ 2 వాడికి జూన్ అంతా జీతం. బడి సారు కలం పోటు యాభై ఏళ్ళు దాటినంక ఒక నెల జీతం కోసింది. ఇది చిన్న సంగతని నవ్వేవాళ్ళుంటారు, అట్టడుగు ఉద్యోగి ఇంట్లో ఒక నెల జీతం చిన్నది కాదు. పెద్ద సంగతి ఏమంటే, నిజమైన వయసు కన్నా రెండు మూడేళ్ళు ఎక్కువ వేసినచోట రెండు మూడేళ్ళ నౌకరే పోయింది. తక్కువ వేసినచోట ముసలితనంలో ఫైళ్ళు మోయాల్సి వచ్చింది. 1984లో పుట్టిన తేదీ నమోదుకు, మార్పుకు సంబంధించి ప్రత్యేకంగా రూల్సు వచ్చినంక ఒకసారి సర్వీసు రిజిస్టరులోకెక్కిన తేదీ మార్చుకోవడం దాదాపు అసాధ్యమయింది. తేదీలు దిద్దుకొని ఉద్యోగం పొడిగించుకునేవాళ్ళను ఆపడానికి తెచ్చిన రూల్సు అవి. దిద్దుకునే పలుకుబడి ఎవరికుండింది, బిగించింది ఎవరికి అని అడగాలి గదా.

ఇక రెండోది, ఉద్యోగం దొరికిన వయసు. రిజర్వేషను వచ్చినంక మనకు వయసులో అయిదేళ్ళ సడలింపు ఉంది. దాన్ని వరమని అందరూ అంటారు, మన సంఘాలు కూడా అంటాయి. కాని లోపలికి వెళ్ళే ద్వారం దగ్గర అయిదేళ్ళు ఇచ్చినవాళ్ళు, బయటికొచ్చే ద్వారం దగ్గర ఏమీ ఇవ్వలేదు. 1980 నాటి పెన్షన్ రూల్సు ప్రకారం పూర్తి పెన్షను, అంటే ఆఖరి జీతంలో సగం రావాలంటే 33 ఏళ్ళ సర్వీసు కావాలి. పదేళ్ళు నిండకపోతే నెలనెలా పెన్షనే లేదు. మధ్యలో ఎన్నేళ్ళుంటే అంత వంతు. ఇరవై రెండేళ్ళకు డిగ్రీ చేత పట్టుకొని, మేనమామ చూపిన ఆఫీసులో చేరినవాడికి 55లోనే 33 నిండుతాయి. ముప్ఫై మూడేళ్ళకు అటెండరుగా చేరిన మా నాయినకు 58కి వచ్చినా పాతికే. వెయిటేజీ పేరుతో కొన్నేళ్ళు కలిపినా 33కు అందవు. ఇద్దరూ ఒకే వయసులో, ఒకే ఆఫీసులో, ఒకే రకం పూలదండలతో రిటైరవుతారు. ఫోటోలో తేడా కనపడదు, పెన్షను కాగితంలో కనపడుతుంది.

ఈ తేడాను మనసులో పెట్టుకొని 1983ను మళ్ళీ చదవాలి. ఆంధ్రప్రదేశ్‌లో రిటైర్మెంటు వయసు 1979 అక్టోబరులో 55 నుంచి 58కి పెరిగింది. 1983 జనవరిలో అధికారంలోకి వచ్చిన తెలుగుదేశం ప్రభుత్వం నెల తిరక్కముందే, ఫిబ్రవరి 8న, దాన్ని తిరిగి 55 చేసింది. అప్పటికే 55 దాటినవాళ్ళంతా ఫిబ్రవరి 28 సాయంత్రం దిగిపోవాలన్నారు. ఒక్క దెబ్బకు 18 వేల మందికి పైగా ప్రభుత్వోద్యోగులు, 10 వేల మంది ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులు ఇంటికెళ్ళారు. ఎందుకంటే, చదువుకున్న నిరుద్యోగులకు ఉద్యోగాలివ్వడానికి అన్నారు. సుప్రీంకోర్టు 1985 జనవరిలో కె. నాగరాజ్ కేసులో ఆ నిర్ణయం చెల్లుతుందనే చెప్పింది. ఈలోగా 1984 ఆగస్టు 23న, నాదెండ్ల భాస్కరరావు ముఖ్యమంత్రిగా ఉన్న నెలరోజుల కాలంలో, వయసు మళ్ళీ 58 అయింది. మధ్యలో దిగిపోయినోళ్ళ మాటేమిటన్న ప్రశ్న మీద బి. ప్రభాకరరావు కేసు నడిచింది. 58 నిండనివాళ్ళను తిరిగి తీసుకోవాలని 1985లోనే జస్టిస్ చిన్నపరెడ్డి ధర్మాసనం చెప్పింది.

ఈ చరిత్రను ఇప్పటిదాకా రెండు రకాలుగానే చెప్పుకున్నారు. ఉద్యోగ సంఘాలు దీన్ని ప్రభుత్వ నిరంకుశత్వం అన్నాయి. తెలుగుదేశం వాళ్ళు యువతరానికి దారి అన్నారు. రెండు కథల్లోనూ మనం లేం. 1950లలో, 60లలో రిజర్వేషన్లో చేరిన మొదటి తరం దళిత ఉద్యోగి చాలాసార్లు ముప్ఫై దాటినంకే చేరాడు. 55 అనే గీత వాడి సర్వీసును పాతిక దగ్గరో అంతకంటె తక్కువకో కోస్తుంది. ముప్ఫై మూడేళ్ళు నిండిన పక్క కుర్చీవాడికి పోయింది మూడేళ్ళ జీతం, వాడి పెన్షను చెక్కు చెదరలేదు. మనవాడికి మూడేళ్ళ జీతంతో పాటు, చచ్చేదాకా వచ్చే పెన్షనులోనూ కోత. ఇదీ ఒక వైపు.

రెండో వైపు ఇంకా చిక్కు. సరిగ్గా అదే కాలంలో సాంఘిక సంక్షేమ హాస్టళ్ళలో చదివిన మన పిల్లలు డిగ్రీలు పట్టుకొని బయటికొస్తున్నారు. ఖాళీ అయ్యే ప్రతి కుర్చీలో రోస్టరు ప్రకారం వాళ్ళకు భాగముంది. అంటే ఒకే ఇంట్లో తండ్రికి 58 కావాలి, కొడుక్కు 55 కావాలి. అగ్రవర్ణాల ఇంట్లో ఈ తగువు ఇంత తీవ్రంగా ఉండదు. కొడుకు ఉద్యోగానికి వాళ్ళకు పొలముంది, వ్యాపారముంది, బంధువు కంపెనీ ఉంది, అమెరికా ఉంది. మనకున్నది సర్కారీ కొలువొక్కటే. 1985 జులై 17న కారంచేడు జరిగింది. ఆ తర్వాత వచ్చిన ఉద్యమానికి చందాలిచ్చి, సెలవులు పెట్టి తిరిగి, కరపత్రాలు రాసినోళ్ళలో చిన్న చిన్న ఉద్యోగులు ఎందరో ఉన్నారు. బస్తీలో అంబేద్కర్ సంఘం తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో చూడండి, చాలాచోట్ల రిటైరయిన ఉద్యోగి దగ్గరుంటుంది. మన వాడల్లో రిటైర్మెంటు విశ్రాంతి కాదు, రెండో నౌకరి, జీతం లేనిది. ఆ నౌకరికి పెన్షను ఆధారం. అందుకని పెన్షను కోత అంటే ఉద్యమానికీ కోతే.

1983 నాటి చిక్కు 2021లో అటునుంచి తిరిగొచ్చింది. ఆ ఏడు మార్చిలో తెలంగాణ ప్రభుత్వం వయసును 58 నుంచి 61 చేసింది. ఆంధ్రప్రదేశ్ 2014లో 60, 2022లో 62 చేసింది. తెలంగాణలో 61 చేయడమంటే 2024 మార్చి దాకా మూడేళ్ళ పాటు వయసు నిండి దిగేవాళ్ళు దాదాపు లేకపోవడమన్నమాట. ప్రభుత్వానికి గ్రాట్యుటీ, పెన్షన్ అమ్మకం సొమ్ము ఒకేసారి కట్టే బాధ మూడేళ్ళు తప్పింది. ఆ మూడేళ్ళూ చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ పట్టుకొని కూర్చున్నోళ్ళు కూర్చునే ఉన్నారు. 2022లో 503 పోస్టులకు వచ్చిన గ్రూప్-1 నోటిఫికేషను ప్రశ్నపత్రాల లీకేజీతో ఒకసారి, కోర్టు తీర్పుతో ఇంకోసారి ప్రిలిమ్స్ రద్దయి, 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో మళ్ళీ మొదటికొచ్చింది. అశోక్‌నగర్ గదుల్లో ముగ్గురు నలుగురు కలిసి వండుకునే పిల్లల్లో మొదటి తరం డిగ్రీవాళ్ళు ఎంతమందో, వాళ్ళతో ఒక పూట కూర్చుంటే తెలుస్తుంది.

ప్రభుత్వం వాళ్ళకు ఇచ్చిన ఓదార్పు గరిష్ఠ వయసు పెంపు. 2022లో 34ను 44 చేశారు, 2024లో గ్రూప్-1కు 46 చేశారు. ఎస్సీ, ఎస్టీలకు ఇంకో అయిదు, అంటే 51. యాభై ఒకటిలో చేరినవాడు 61కి దిగుతాడు. పదేళ్ళ ఉద్యోగం. పాత రూల్సులో పెన్షనుకు కావలసిన కనీసం పదేళ్ళే. కాని ఆ పాత రూల్సు కూడా వాడికి లేవు, 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినోళ్ళందరికీ ఉన్నది కంట్రిబ్యూటరీ పెన్షను. జీతంలోంచి కోసి మార్కెట్టులో పెడతారు, ఎంతొస్తే అంత. ఇక్కడ కూడా ఆలస్యానికే శిక్ష. 2004కు ముందే నింపాల్సిన రిజర్వుడు పోస్టును బ్యాక్‌లాగ్‌గా పడేసి, ఆ తర్వాత నింపినచోట, ఆలస్యం చేసింది ప్రభుత్వం, పాత పెన్షను పోయింది మనవాడికి.

మూడోది, మనిషి రిటైరవడం వేరు, పోస్టు రిటైరవడం వేరు. 1990లలో సనత్‌నగర్ ఆల్విన్ వంటి ప్రభుత్వ రంగ సంస్థలు పోయినప్పుడు స్వచ్ఛంద విరమణ అనే మాట అందరి నోళ్ళలో నానింది. రేపు ఈ ఫ్యాక్టరీ ఉండదు, ఇవాళ సంతకం పెడితే ఇంత ఇస్తాం అని చెప్పడంలో స్వచ్ఛందం ఎంతుంది? అయినా దాన్ని కార్మిక సమస్యగానే చూశాం. దాంతోపాటు రోస్టరు పాయింట్లు కూడా మూతబడ్డాయన్నది తక్కువమంది రాశారు. ప్రైవేటు కంపెనీలో రోస్టరు లేదు.

ఊడ్చే పనిలో ఇది ఇంకా స్పష్టం. హైదరాబాదు వీధుల్లో పర్మినెంటు సఫాయి కార్మికులు ఒకరొకరే వయసు నిండి దిగిపోతుంటే, ఆ పోస్టులు నింపకుండా 1990ల నుంచి కాంట్రాక్టుకు ఇచ్చుకుంటూ పోయారు. పర్మినెంటులో ఉన్నది మనవాళ్ళే, కాంట్రాక్టులో చేరిందీ మనవాళ్ళే, ఎక్కువమంది ఆడవాళ్ళు. చీపురు మారలేదు, వీధి మారలేదు, దానికున్న పెన్షను మాత్రం మాయమైంది. వేరే ఏ పనిలోనూ రిజర్వేషను నూటికి నూరు అమలుకాలేదు, ఇందులో ఎవరూ అడక్కుండానే అమలవుతున్నది.

బాగ్ లింగంపల్లిలోని అంబేద్కర్ కాలేజీ పెట్టిన జి. వెంకటస్వామి కేంద్రంలో కార్మిక శాఖ చూస్తున్నప్పుడే, 1995 నవంబరు 16న, ప్రైవేటు, కార్పొరేషన్ ఉద్యోగుల పెన్షన్ పథకం వచ్చింది. గుడిసెల్లో సంఘం పెట్టి పైకొచ్చిన మన మనిషి హయాంలో వచ్చిన పథకమది, ఆ గౌరవం ఇవ్వాల్సిందే. అది ఎంత ఇస్తుందన్నది వేరే లెక్క. పెన్షనుకు లెక్కించే జీతాన్ని సర్వీసు ఏళ్ళతో హెచ్చించి 70తో భాగించాలి. పరిమితి 15 వేల మీద లెక్కకడితే ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపినా ఏడు వేలు దాటదు. కనీస పెన్షను 2014లో వెయ్యి చేశారు. పదేళ్ళ సర్వీసు లేకపోతే అదీ రాదు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త నంబరు పడే కార్మికురాలు ఆ పదేళ్ళు ఎక్కడ చూపించాలి?

ఆర్టీసీ వాళ్ళది ఈ పథకమే. 1932లో 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో నిజాం రైల్వే కింద మొదలైన సంస్థ అది. 2019 అక్టోబరు, నవంబరుల్లో 52 రోజులు సమ్మె చేశారు. ప్రభుత్వంలో కలపమని అడిగారు. సమ్మె ముగిసినంక దొరికింది, 60 దాకా పని. కలపడానికి చట్టం 2023లో గాని రాలేదు. అరవై దాకా చూపు నిలిచే డ్రైవర్లు ఎందరు? రంగులు ఆనడం లేదని మెడికల్ బోర్డు రాస్తే నౌకరి అక్కడితో సరి. ఆ పేరుతో తెలంగాణ ఆర్టీసీ 2016లో ఇంటికి పంపిన ఒక డ్రైవరు సుప్రీంకోర్టు దాకా పోయాడు. వేరే పని చూపించాల్సిన బాధ్యత సంస్థదేనని, 1979 నాటి ఒప్పందంలోనే అది ఉందని 2025 ఆగస్టు 1న కోర్టు చెప్పింది. నలభై ఆరేళ్ళ నాటి కాగితం, కార్మికులు కొట్లాడి రాయించుకున్నది.

ఇంకొక లెక్క చెప్పాలి. 2021 మార్చిలో ఉద్యోగి 61 దాకా పని చేయగలడన్న ప్రభుత్వమే, అదే ఏడు ఆగస్టులో వృద్ధాప్య పింఛనుకు అర్హత వయసును 65 నుంచి 57కు దించింది. రెండూ అడిగి తెచ్చుకున్నవే, రెండింటినీ నేను సమర్థిస్తాను. కాని పక్కపక్కన పెట్టి చూస్తే, కుర్చీలో కూర్చున్న ఒళ్ళు 61కి గాని ముసలిది కాదని, ఎండలో పని చేసిన ఒళ్ళు 57కే ముసలిదని రాజ్యమే ఒప్పుకున్నట్టు. ఆ ముసలితనానికి ధర నెలకు 2,016 రూపాయలు. మా అమ్మ ఇరవై ఆరేండ్లు నాలుగు ఇండ్లల్లో అంట్లు తోమింది. మోకాళ్ళు పట్టేసినంక ఒక ఇంటామె "రేపటి నుంచి రావద్దు లక్ష్మమ్మా" అంది. అమ్మ పేరు లక్ష్మమ్మ కూడా కాదు, అంతకుముందు పనామె పేరది. అదే ఆమె పదవీ విరమణ సభ.

రిటైర్మెంటు వయసు ఎంత ఉండాలన్న చర్చ మళ్ళీ వస్తుంది, ఖజానా ఖాళీ అయిన ప్రతిసారీ వస్తుంది. అప్పుడు మన సంఘాలు 58 అనో 61 అనో ఒక పక్క నిలబడే ముందు, దిగిపోయేనాటికి ఎవరికి ఎన్నేళ్ళ సర్వీసుందో కులాల వారీగా లెక్క అడగాలి. ఇది ఎవరూ తీయలేని లెక్క కాదు. ప్రతి ప్రభుత్వోద్యోగి సర్వీసు రిజిస్టరులో మొదటి పేజీల్లోనే కులం రాసి ఉంటుంది, పుట్టిన తేదీ ఉంటుంది, చేరిన తేదీ ఉంటుంది. ఆఖరి పేజీలో దిగిన తేదీ ఉంటుంది. నేను ఇప్పటిదాకా మా బస్తీలోనూ పక్క బస్తీలోనూ రిటైరయినోళ్ళ ఇండ్లకు వెళ్ళి ఈ తేదీలు రాసుకుంటున్నాను. జిల్లాల్లో ఉన్న మిత్రులు, టీచర్లు తమ వాడల్లో ఈ పని మొదలుపెడితే, పుట్టిన తేదీ గడిలో జూన్ 1, జులై 1 ఎన్నిసార్లు వస్తాయో అది కూడా పక్కన రాసి పెట్టండి.